పదిహేడు మంది హనుమంతులు, ఒక ఆర్కిటెక్టు

ఈ యుగంలో మనిషి కనిపెట్టిన గొప్ప వస్తువు కంప్యూటర్ అనుకుంటున్నారా? కాదు! కంప్యూటర్ ముందు కూర్చునేవాడి పేరు కింద వేసే రెండో లైను!

నవ్వకండి. నేను ఆషామాషీ మనిషిని కాను. వనపర్తి బస్టాండు ఎదుట పద్దెనిమిదేళ్లుగా పెళ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు అచ్చు వేస్తున్న దశరథాన్ని. మనిషికి ప్రమోషన్ ఆఫీసులో వస్తుందని మీరంతా భ్రమపడతారు. అది నా దుకాణంలో, ఇంకు తడి ఆరాక వస్తుంది.

ఈమధ్య కొందరు మేధావులు బయలుదేరారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు ఇన్ని పేర్లేమిటని వాళ్ల బాధ. కోడర్ అట, ప్రోగ్రామర్ అట, డెవలపర్ అట, ఇంజనీర్ అట, అనలిస్ట్ అట, ఆర్కిటెక్ట్ అట, కన్సల్టెంట్ అట! అందరూ చేసేది ఒక్క పనే అయినప్పుడు ఒక్క పేరు చాలదా అంటారు.

ఎంత అమాయకులు! మంచం కోడు విరిగితే ఏం చేస్తాం? వడ్రంగిని పిలుస్తాం. ఆయనకు ఉన్నది ఒక్కటే పేరు కాబట్టి తప్పించుకునే దారి లేదు, వచ్చి బాగుచేస్తాడు. అదే ఆయన 'మంచం అనలిస్ట్' అయి, 'కోడు డెవలపర్' వేరే ఊళ్లో ఉండి, 'నవారు కన్సల్టెంట్' సెలవులో ఉంటే? మంచం విరిగినట్టే ఉంటుంది, కానీ ఎవరి మర్యాదకూ భంగం రాదు. నాగరికత అంటే అదే కదా!

ఈ సత్యాన్ని నేను పుస్తకాల్లో చదవలేదు. నిండు మే నెలలో, గద్వాలలో, కళ్లారా చూశాను.

ముందు రంజిత్ గురించి చెప్పాలి. మా వీధి పిల్లవాడే. పాలిటెక్నిక్ చదివి, అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి, హైదరాబాదులోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. కంపెనీ పేరు రాయను. కార్డులు మాత్రం ఎప్పుడూ నా దగ్గరే వేయించుకునేవాడు.

రెండువేల రెండులో మొదటి కార్డు. పేరు కింద 'ప్రోగ్రామర్' అని వేశాను.

"గిదంటే ఏందిరా?" అన్నాను.

"మనం చెప్పినట్టు కంప్యూటర్ వినాలె కద కాకా. అది వినేతట్టు రాసుడు" అన్నాడు. నా ముందున్న చాయ్ గ్లాసులు అటూ ఇటూ జరుపుతూ అరగంట సేపు అర్థమయ్యేలా చెప్పాడు. కళ్లు మెరిసిపోతున్నాయి. నాకు పూర్తిగా అర్థమైంది. ఆ హోదాలో ఉన్న లోపం అదే! అర్థమయ్యే హోదాకు గౌరవం ఎక్కడిది?

మరుసటి ఏడాది 'డెవలపర్' అయ్యాడు. ప్రోగ్రామర్‌కూ దీనికీ తేడా ఏమిటని అడిగాను.

"ప్రోగ్రామర్ ఒక ముక్క రాస్తడు కాకా. డెవలపర్ మొత్తం తయారుచేస్తడు."

"మరి నిరుడు నువ్వు ముక్కనే రాసినవా?"

"లేదు కాకా, నిరుడు గూడ మొత్తం నేనే చేసిన" అన్నాడు.

ఆ కార్డు ఎక్కువ రోజులు నిలవలేదు. వాళ్లమ్మ దేవమ్మ స్వయంగా దుకాణానికి వచ్చింది. "అయ్యా, డెవలపరంటే ప్లాట్లు అమ్ముతడా అని అందరు అడుగుతున్నరు. ఇజ్జత్ పోతుంది. జర మంచి పేరు ఏదన్న ఎయ్యి" అంది. 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అని వేశాను. వీధి వీధంతా శాంతించింది. దీన్నిబట్టి పాఠకులు గ్రహించవలసిందేమిటంటే, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనేది పనికి పేరు కాదు, పక్కింటివాళ్లకు జవాబు.

తర్వాత 'సిస్టమ్ అనలిస్ట్'. ఇతను వెళ్లి ఏం కావాలో అడుగుతాడు, చెప్పింది రాసుకుంటాడు, రాసుకున్నది ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పోస్ట్‌మాన్ చేసే పనే, కాకపోతే ఎండలో తిరగనక్కరలేదు. రెండువేల ఏడు జనవరిలో 'సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్' అయ్యాడు. అక్షరాలు పట్టక సైజు తగ్గించాల్సి వచ్చింది.

"ఇండ్లు కడ్తవా?" అన్నాను.

"డబ్బాలు గీస్తం కాకా. డబ్బాకు డబ్బాకు నడుమ బాణాలు గీస్తం."

"డబ్బాల లోపట ఏముంటది?"

"లోపట సంగతి డెవలపర్లు చూసుకుంటరు" అన్నాడు. ఈసారి చాయ్ గ్లాసులు జరపలేదు. గ్లాసు అంచు వేలితో తుడుస్తూ కూర్చున్నాడు. హోదా పెరిగిన కొద్దీ మనిషికి గాంభీర్యం వస్తుందని సంతోషించాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నా భార్య సావిత్రమ్మ తమ్ముడు హనుమంతుది అయిజ దగ్గర పల్లె. రెండెకరాల్లో పత్తి విత్తనం పండిస్తాడు. మామూలు పత్తి కాదు, విత్తనం కోసం వేసే పత్తి. సాయంత్రం పూట ఒక్కొక్క మొగ్గలోని మగ భాగాన్ని గోటితో వలిచి, తెల్లవారి మగ పువ్వు తెచ్చి దానికి పుప్పొడి అద్దాలి. ఒక్కొక్క మొగ్గకు! రెండు నెలల పాటు హనుమంతు, అతని భార్య మైసమ్మ నడుములు వంచి ఆ పనే చేశారు. పంట అయ్యాక మూటలు కంపెనీ తీసుకుంటుంది. విత్తనం కల్తీ లేకుండా ఉందో లేదో తెలుసుకోవడానికి కొంచెం తీసి మళ్లీ నాటి చూస్తుంది. మొక్కలన్నీ సరైనవైతే పాస్. పరాయి మొక్కలు ఎక్కువ కనిపిస్తే ఫెయిల్. ఫెయిలైన మూటలు నూనె మిల్లుకు పోతాయి. ఫెయిలైన రైతుకు మరుసటి ఏడాది విత్తనం పంటే ఇవ్వరు.

రెండువేల ఎనిమిది మే నెలలో ఒక గురువారం హనుమంతు నా దుకాణం మెట్లెక్కాడు. చేతిలో కాగితం.

"బావా, ఫెయిలట."

"ఎట్లయితది?"

"తెల్వదు. మైసమ్మ అన్నం ముట్టుతలేదు. చేన్ల ఒక్క పరాయి చెట్టు లేకుండ పీకినం బావా. సోమవారం మూటలు మిల్లుకు పోతయట."

కాగితం తీసుకుని చూశాను. పేరు, ఊరు, పక్కన ఇంగ్లీషులో ఫెయిల్. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ఆ ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ పేరు. ఆ పేరు నాకు కొత్తా? ఆరేళ్లుగా నేను అచ్చు వేస్తున్నదే! రంజిత్ వాళ్ల కంపెనీ! నా ఆనందానికి హద్దు లేకపోయింది.

"మనోడే! ఆర్కిటెక్ట్! నీకేం పరేషాన్ లేదు" అని హనుమంతును కూర్చోబెట్టి, వెంటనే ఫోన్ చేశాను.

రంజిత్ ఓపికగా విన్నాడు. తర్వాత వివరించాడు. అతను ఇప్పుడు ఆర్కిటెక్టు కాబట్టి ప్రోగ్రాం లోపలికి వెళ్లడు. లోపలికి వెళ్లే డెవలపర్ వేరే ప్రాజెక్టులో ఉన్నాడు. డెవలపర్‌కు ఏం చేయాలో చెప్పేది అనలిస్ట్. అనలిస్ట్ తప్పు ఉందో లేదో చెప్పాలంటే కన్సల్టెంట్ వచ్చి చూడాలి.

"మరి రాసింది ఎవరురా?"

"పాత ప్రోగ్రాం కాకా. అప్పట్ల ఎవరో రాసిండ్రు. నాకు గుర్తు లేదు."

చూశారా ఏర్పాటు! ఒక్క మనిషిని అడిగితే 'నాకు తెలియదు' అని ఒక్కసారే అంటాడు. ఇక్కడ అదే మాట నాలుగు హోదాల్లో, నాలుగు రకాలుగా వినగలిగాం. అయితే ఇలాంటి ఫోన్లు గద్వాల నుంచి ఇంకా చాలా వచ్చాయట. అందుకని శనివారం తమ జట్టు జట్టంతా గద్వాలకు వస్తోందని చెప్పాడు.

శనివారం పొద్దున నేనూ హనుమంతూ పెబ్బేరు మీదుగా బస్సులో గద్వాల చేరాం. విత్తన కంపెనీ ఆఫీసు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. మేనేజర్ ప్రభుదాసు గారు చాలా మంచి మనిషి. చెమట తుడుచుకోవడానికి రెండు రుమాళ్లు పెట్టుకునేంత జాగ్రత్త గల మనిషి. జాబితా పట్టుకుని బయటికి వచ్చారు.

"హనుమంతు ఎవరయ్యా?"

వరండాలో సగం మంది లేచి నిలబడ్డారు!

మీకు ఆశ్చర్యంగా ఉందా? మా వైపు ఏ ఊళ్లోనైనా నడిబజారులో నిలబడి హనుమంతూ అని పిలిచి చూడండి. ఆయన మళ్లీ జాబితా చూసుకుని, "ఫెయిలైన హనుమంతు" అన్నారు. ఒక్కరూ కూర్చోలేదు. అందరి చేతుల్లోనూ అదే కాగితం. లెక్కపెడితే పదిహేడు మంది. తిమ్మప్ప కొడుకు హనుమంతు, బజారప్ప కొడుకు హనుమంతు, ధరూరు హనుమంతు, మల్దకల్ హనుమంతు... పదిహేడు మందీ ఫెయిల్! పక్కన ఒకాయన మాత్రం హాయిగా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఆయన పాసయ్యాడు. ఆయన పేరు హన్మంతు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తక్కువ ఉన్నందుకు ఆయన విత్తనం స్వచ్ఛంగా మొలిచింది.

"మల్ల పరీక్ష పెట్టుండ్రి! అందరియి మల్ల నాటుండ్రి!" అని హనుమంతులు అరుస్తున్నారు.

పదకొండింటికి జీపు దిగింది జట్టు. ముగ్గురు. రంజిత్, ఒక అనలిస్ట్, ఆ ఎండలో కూడా మెడకు టై కట్టుకున్న ఒక కన్సల్టెంట్. ముగ్గురూ ప్రభుదాసు గారికి కార్డులు ఇచ్చారు. వృత్తి కదా, నేను కార్డులే చూశాను. కన్సల్టెంట్ కార్డుకు రెండు వైపులా అచ్చు ఉంది.

ఆయన కంప్యూటర్ ముందు కూర్చోకుండానే, దూరం నుంచి దాన్ని ఒకసారి చూసి, తేల్చేశారు.

"ప్రోగ్రాంలో ప్రాబ్లం లేదండీ. ఇది డేటా ఇష్యూ. ఆపరేటర్ తప్పుగా ఎంటర్ చేసి ఉంటారు."

అప్పుడు అందరి కళ్లూ ఒక్కసారిగా మూలనున్న కుర్చీ వైపు తిరిగాయి. అక్కడ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. పేరు జములమ్మ. గద్వాల పక్క పల్లె. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, రెండేళ్లుగా అక్కడ డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా పని చేస్తోంది. రైతులు ఆమెను 'కంప్యూటర్ పిల్ల' అంటారు. ఆమెకు కార్డు లేదు.

"ఏమ్మా, తప్పు ఎక్కించినవా?" అన్నారు ప్రభుదాసు గారు. వరండాలో గొణుగుడు మొదలైంది. మా హనుమంతు కూడా పళ్లు కొరికాడు.

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బీరువా తీసి ఒక పెద్ద రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సార్, పొలంల మొక్కలు చూసినోళ్లు రాసిచ్చింది గిది. నేను ఎక్కించింది గిదే. గీ తిమ్మప్ప కొడుకు హనుమంతుకు పాసని ఉన్నది, చూడుండ్రి. ఇగ మీ ప్రోగ్రాం ఏం అచ్చు కొట్టిందో గా కాగితంల చూడుండ్రి."

ప్రభుదాసు గారు చూశారు. రెండో రుమాలు తీశారు.

"ప్రోగ్రాం పేరు పట్టుకొని ఫలితం వెతుకుతుంది సార్. రైతు నంబర్ చూస్తలేదు. హనుమంతు అని దొరికిన ఒక్కదాన్ని పట్టుకొని అందరి హనుమంతులకు గదే ఇస్తుంది. నేను మీ కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టిన."

అనలిస్ట్ గొంతు సవరించుకున్నాడు. "ఆపరేటర్లు పంపే మెయిల్స్ సపోర్ట్ టీమ్‌కు వెళ్తాయండీ."

"సపోర్ట్ టీమ్‌ల ఎవరున్నరు సార్?"

"ఇంకా రిక్రూట్ చేయలేదు."

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక్క పని చేసేవాళ్లకు ఏడు పేర్లు పెట్టగలిగిన వాళ్లు, ఏడు ఊళ్ల పదిహేడు మందికి ఒక్క పేరే ఉంటుందని మాత్రం ఊహించలేకపోయారు. దీన్ని తప్పు అంటారా? నేననను. ఎవరి పేర్ల మీద వాళ్లకు శ్రద్ధ ఉండడం సహజం!

తప్పు తెలిసింది కదా, ఇక సరిచేయడమే కదా అనుకుంటున్నారా? అంత తొందరా! కన్సల్టెంట్ గారు పద్ధతి చెప్పారు. ముందు ప్రభుదాసు గారు మార్పు కోరుతూ ఒక ఫారం నింపాలి. దాన్ని అనలిస్ట్ పరిశీలించాలి. ఆర్కిటెక్ట్ ఆమోదించాలి. డెవలపర్ చేయాలి. టెస్టర్ చూడాలి. మూడు వారాలు.

"సోమవారం మూటలు పోతయి సార్!" అన్నాడు మా హనుమంతు. కన్సల్టెంట్ గారు అతని వైపు సానుభూతిగా చూసి, మూడు వారాలు అంటే చాలా త్వరగా చేసినట్టేనని వివరించారు.

అప్పుడు జములమ్మ అంది. "అరగంటల నేను మారుస్త సార్."

"నువ్వా?" అన్నారు ప్రభుదాసు గారు.

"ఆపరేటర్‌కు ఆథరైజేషన్ లేదు" అన్నారు కన్సల్టెంట్.

"చెడిపోతే ఎట్లమ్మా?"

"ముందుగాల మొత్తం కాపీ తీసి పక్కకు పెడ్త సార్. చెడిపోతే పాతదే మల్ల పెట్టుకోవచ్చు."

ప్రభుదాసు గారు కార్డుల వైపు చూశారు, వరండా వైపు చూశారు. పదిహేడు మంది కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన ఔనని అనలేదు. కాదనీ అనలేదు. చాయ్ తాగి వస్తానని బయటికి వెళ్లిపోయారు. ఒక మేనేజర్ జీవితంలో అంతకంటే పెద్ద సాహసం ఉండదు.

జములమ్మ కూర్చుంది. రంజిత్ చొక్కా చేతులు మడిచి, ఒక స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఎక్కడ?" అని మెల్లగా అడిగాడు.

ఆమె తెర మీద ఒక లైను మీద వేలు పెట్టింది. రంజిత్ ముందుకు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని ముఖం ఎర్రబడింది.

"ఏమైందిరా?" అన్నాను వెనక నుంచి.

"గిది నేను రాసిందే కాకా."

"ఏమంటవ్?"

"నాలుగేండ్ల కింద. హైదరాబాద్‌ల ఒక మందుల దుకాణం కోసం రాసిన. అక్కడ ఒక్క పేరుతోని ఇద్దరు లేకుండె. నాకు గుర్తుంది, నంబర్ పెట్టాలె అనుకున్న, తర్వాత పెడదామని ఇడిసిపెట్టిన. దాన్నే కంపెనీ గీడికి తెచ్చి పెట్టింది. డబ్బా గీసి బాణం గీసినప్పుడు... గీ డబ్బాల ఉన్నది నాదే అని నాకే తెల్వలే."

అంటే డెవలపర్ రంజిత్ చేసిన తప్పును, అనలిస్ట్ రంజిత్ పరిశీలించి, ఆర్కిటెక్ట్ రంజిత్ ఆమోదించి, ఫోన్లో నాతో 'ఎవరో రాసిండ్రు' అన్నాడన్నమాట! అబద్ధం చెప్పలేదు పాపం. కొత్త హోదా వచ్చిన ప్రతిసారీ పాత మనిషి 'ఎవరో' అయిపోతాడు. ఆ కార్డులన్నీ అచ్చు వేసినవాణ్ని నేనే కాబట్టి, నాకూ కొంచెం ముఖం ఎర్రబడింది.

"నేను మార్చనా?" అన్నాడు రంజిత్. కీబోర్డు మీద చేతులు పెట్టాడు. కానీ చేతులకు అలవాటు తప్పింది. రెండుసార్లు తప్పు కొట్టాడు. "నువ్వే చెయ్యి" అని జరిగి కూర్చున్నాడు.

ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ఆమె మొదట కాపీ తీసింది. ఆ లైను మార్చింది. ఒక్క హనుమంతుతో చూసింది, తర్వాత ఇద్దరితో, తర్వాత హన్మంతుతో కూడా చూసింది. ఆ తర్వాతే ప్రింటర్ ఆన్ చేసింది.

ప్రభుదాసు గారు అప్పటికి నాలుగు చాయ్‌లు తాగి వచ్చారు. కొత్త కాగితాలు రిజిస్టర్‌తో ఒక్కొక్కటే సరిచూసుకుని వరండాలో చదివారు. ఈసారి తండ్రి పేరు, ఊరి పేరుతో సహా.

"తిమ్మప్ప కొడుకు హనుమంతు. పాస్."

మా బావమరిది పేరు అయిదోది. పాస్ అని వినగానే అక్కడే మెట్టు మీద కూలబడి, తలగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. పాస్, పాస్ అంటూ పదహారు మంది అయిపోయారు. ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. నవ్వులు, ఈలలు.

ప్రభుదాసు గారి చేతిలో ఒక్క కాగితం మిగిలింది.

"నర్సప్ప కొడుకు హనుమంతు. ఫెయిల్."

వరండా చివర ఒక ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అందరూ అరుస్తున్నా ఆయన ఒక్కసారీ నోరు విప్పలేదు. చెప్పులు వేసుకోవడానికి వంగాడు.

జములమ్మ లోపలి నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"తాగు నాయినా" అంది.

నవ్వులన్నీ ఆగిపోయాయి.

నేను ఉండబట్టలేక ఆమె దగ్గరికి వెళ్లాను. "నీకు ముందే తెల్సా బిడ్డా?"

"తెల్సు కాకా. కాగితాలు రాంగనే ముందు మా నాయినదే చూసిన. ఎవరైన గంతే కద? ఫెయిలని ఉండె. రిజిస్టర్ల చూసిన, అండ్ల గూడ ఫెయిలే. తర్వాత పక్కూరి హనుమంతుది చూస్తే రిజిస్టర్ల పాస్, కాగితంల ఫెయిల్. గప్పుడు దొరికింది తప్పు."

"ఊకుంటే అయిపోతుండె. అందరియి మల్ల పరీక్ష పెడుదురు. మీ నాయినది గూడ పాస్ అయితుండెనేమో."

ఆమె జవాబు చెప్పేలోగా ముసలాయనే అందుకున్నాడు. "పక్క చేనోళ్లు వేరే పత్తి పెట్టిండ్రు అయ్యా. తేనెటీగలు గా పుప్పొడి మోసుకొస్తయి, వాటిని ఎవరాపుతరు? చేన్ల పరాయి మొక్కలు నేను గూడ చూసిన. పిల్ల రాసింది కరెక్టే." గ్లాసు కూతురి చేతికిచ్చి, మెట్లు దిగి, ఎండలోకి వెళ్లిపోయాడు. ఆమె గ్లాసు పట్టుకుని అక్కడే కాసేపు నిలబడి, తిరిగి మూలనున్న కుర్చీలోకి వెళ్లింది. ఇంకా రెండువందల మంది రైతుల కాగితాలు సరిచూడవలసి ఉన్నాయి. హనుమంతుల తర్వాత తిమ్మప్పలున్నారు.

నేను వస్తూ వస్తూ, ఏమివ్వాలో తోచక, నా దుకాణం కార్డు ఒకటి ఆమె బల్ల మీద పెట్టి వచ్చాను.

జరగవలసిన సత్కారాలు తర్వాత పద్ధతి ప్రకారం జరిగాయి. సమస్యను ఒక్క పూటలో పరిష్కరించినందుకు రంజిత్ వాళ్ల కంపెనీకి విత్తన కంపెనీ ప్రశంసాపత్రం పంపింది. రంజిత్ నిజాయితీ గలవాడు. తప్పు తనదేననీ, దాన్ని కనిపెట్టిందీ సరిచేసిందీ ఆపరేటర్ జములమ్మేననీ నివేదికలో ఉన్నదున్నట్టు రాశాడు. ఫలితంగా అతన్ని 'చీఫ్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్' చేశారు. వద్దన్నాడట, వినలేదట. ఆ కార్డు నేనే వేశాను. అతను వచ్చి తీసుకోలేదు. కట్ట ఇప్పటికీ నా అరలోనే ఉంది.

జులైలో ఒకరోజు జములమ్మ నా దుకాణానికి వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో ఇంటర్వ్యూకు పోతోంది, వనపర్తిలో బస్సు మారాలి. సర్టిఫికెట్లు జిరాక్స్ చేయించుకుంది. చివరగా సంచిలోంచి ఇంకో కాగితం తీసింది.

"దీన్ని లామినేషన్ చేయుండ్రి కాకా."

చూస్తే మెమో! విత్తన కంపెనీ ఆమెను ఉద్యోగం నుంచి తీసేస్తూ ఇచ్చిన కాగితం.

"గిది ఎవరైన కనవడకుండ దాస్తరు బిడ్డా. లామినేషన్ ఎందుకు?"

"జర సదువుండ్రి."

చదివాను. 'సదరు డేటా ఎంట్రీ ఆపరేటర్ కుమారి జములమ్మ, తన హోదాకు ఏమాత్రం సంబంధం లేని విధంగా, ప్రోగ్రాములోని లోపాన్ని తానే స్వయంగా గుర్తించి, ఇతరుల సహాయం లేకుండా, ముప్పై అయిదు నిమిషాల వ్యవధిలో సరిచేసినట్లు, ఆర్కిటెక్ట్ గారి నివేదిక ఆధారంగా నిస్సందేహంగా రుజువైనందున, ఆమె సేవలు ఇకమీదట అవసరం లేదని తెలియజేయడమైనది.' కింద సంతకం, ముద్ర.

"రెండేండ్లు పనిచేసిన కాకా. నేనేం చేసిన్నో గింత మంచిగ ఎవరన్న రాసిచ్చిండ్రా?" అంది. "ఇంటర్వ్యూల గిదే చూపిస్త."

మేధావులారా! పేర్లు ఇన్ని ఎందుకని అడుగుతున్నారు కదా, నేను ఇంతసేపూ సమర్థించాను కదా, ఇప్పుడు చెబుతున్నాను వినండి. పద్దెనిమిదేళ్లలో నేను అచ్చు వేసిన కార్డులన్నీ కుప్ప పోసి వెతికినా, ఫలానా పని ఫలానా మనిషి చేసింది అని తేటతెల్లంగా రాసి ఉన్న కాగితం ఒక్కటి దొరకదు. నాకు దొరికిన ఆ ఒక్క కాగితం మెమో.

దాన్ని మిషన్‌లో పెట్టి, అంచులు సరిగ్గా కత్తిరించి ఇచ్చాను.

ఆగస్టులో ఊరికి పోతూ మళ్లీ బస్టాండులో దిగింది. ఉద్యోగం వచ్చిందట. మెమోను ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివారట. వృత్తి అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు.

"హోదా ఏందమ్మా?"

"ల్యాబ్ అసిస్టెంట్ కాకా."

"పనేంది?"

"ఆఖరు సంవత్సరం పిల్లలకు ప్రోగ్రాం రాసుడు నేర్పుత."

"మరి ఆ సబ్జెక్టుకు ప్రొఫెసర్ లేడా?"

"ఎందుకు లేడు? ఉన్నడు" అంది జములమ్మ, బస్సు కోసం రోడ్డు వైపు చూస్తూ. "మంచోడే పాపం. పిల్లలు పోయినంక, ఆయనకు గూడ నేనే నేర్పుతున్న."